సాఫ్ట్‌వేర్ నేర్పితే యానిమేషన్ చదువైపోతుందా?

2025 ఫిబ్రవరి నెలాఖరులో టెక్నికలర్ గ్రూపు కుప్పకూలింది. హాలీవుడ్ భారీ చిత్రాలకు విజువల్ ఎఫెక్ట్స్ సమకూర్చిన ఎంపీసీ, ది మిల్ వంటి పేరుమోసిన స్టూడియోలు ఆ గొడుగు కిందివే. బెంగళూరులో వాటి కోసం పనిచేస్తున్న వేలమంది ఉన్నట్టుండి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఆ వార్త చల్లారకముందే, మార్చి 2న లాస్ ఏంజెలిస్‌లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ‘ఫ్లో’కు ఆస్కార్ దక్కింది. జనాభా ఇరవై లక్షలైనా లేని లాత్వియా నుంచి వచ్చిన సినిమా అది. అందులో ఒక్క మాట ఉండదు. వరదలో చిక్కుకున్న ఒక పిల్లి, దానితోపాటు పడవెక్కిన నాలుగు జంతువులు, అంతే. దర్శకుడు గింట్స్ జిల్బలోడిస్ దాన్ని తీసింది బ్లెండర్‌తో. ఎవరైనా పైసా కట్టకుండా దించుకుని వాడుకోగల సాఫ్ట్‌వేర్ అది. చిత్రానికి అయిన ఖర్చు దాదాపు 35 లక్షల యూరోలు. అదే విభాగంలో పోటీపడిన ‘ఇన్‌సైడ్ అవుట్ 2’కు సుమారు 20 కోట్ల డాలర్లు పెట్టారు.

కంప్యూటర్ యానిమేషన్‌ను డిగ్రీ చదువుగా ఎంచుకుంటున్న విద్యార్థులు, ఆ చదువు చెబుతున్న విశ్వవిద్యాలయాలు ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. బెంగళూరులో వేలమందికి ఉద్యోగాలు పోయింది సాఫ్ట్‌వేర్ రాక కాదు. వాళ్లు అందులో ఆరితేరినవారే. కథ, రూపకల్పన, లాభం, చివరికి సంస్థ ఉండాలా పోవాలా అన్న నిర్ణయం కూడా ఎక్కడో దూరాన ఉంటే, చేతిపని ఎంత బాగా వచ్చినా మన గతి అంతే. ఇక ‘ఫ్లో’ను గెలిపించినది పిల్లి ఎలా జంకుతుందో, ఎలా ఒళ్లు విరుచుకుంటుందో చూసి పట్టుకున్న కన్ను. మన యానిమేషన్ కోర్సుల పాఠ్యప్రణాళికలు తిరగేస్తే సెమిస్టర్‌కొక సాఫ్ట్‌వేర్ పేరు కనిపిస్తుంది గానీ, ఆ కన్నుకు పదును పెట్టే పాఠం మాత్రం వెతుక్కోవాలి.

నిజానికి ఈ విద్య స్టూడియోల కంటే ముందు విశ్వవిద్యాలయాల్లోనే పెరిగింది. 1960ల చివర అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ఎవాన్స్, ఐవాన్ సదర్లాండ్ అనే ఇద్దరు ఆచార్యులు కంప్యూటర్ గ్రాఫిక్స్ మీద చిన్న పరిశోధక బృందాన్ని తయారుచేశారు. వారి దగ్గర చేరిన విద్యార్థి ఎడ్ క్యాట్మల్. చిన్నప్పటినుంచీ డిస్నీలో యానిమేటర్ కావాలన్నది ఆయన కోరిక. తన గీత అందుకు చాలదని తనే తేల్చుకుని భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ వైపు మళ్లారు. కానీ కోరిక పోలేదు. 1972లో తన ఎడమ చేతికి అచ్చు తీసి, దానిమీద 350 దాకా త్రికోణాలు, బహుభుజులు గీసి, ఒక్కో బిందువునూ కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ చేతిని తెరమీద కదిలించారు. సహవిద్యార్థి ఫ్రెడ్ పార్క్ తోడ్పడ్డారు. నిమిషం పాటు సాగే ఆ బొమ్మే ఈనాటి త్రీడీ సినిమాలకు తొలిమెట్లలో ఒకటి. రెండేళ్ల తర్వాత ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో, ఒక వస్తువు వెనక మరొకటి ఎలా మరుగుపడాలో లెక్కించే పద్ధతి, ఉపరితలంపై చిత్రాన్ని అతికించే పద్ధతి ఉన్నాయి. ఇప్పటికీ ప్రతి వీడియోగేమ్‌లో ఆ రెండూ పనిచేస్తూనే ఉన్నాయి.

అదే విభాగంలో ఆంరీ గురో, వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫాంగ్, జిమ్ బ్లిన్ వెలుతురు వస్తువుపై ఎలా పడుతుందో సూత్రాలు రాశారు. ఫాంగ్ 1973లో పీహెచ్‌డీ పూర్తిచేసి రెండేళ్లకే, ముప్ఫై మూడైనా నిండకుండా కన్నుమూశారు. మన పిల్లలు మాయా సాఫ్ట్‌వేర్‌లో ‘ఫాంగ్’, ‘బ్లిన్’ అని రోజూ నొక్కుతూనే ఉంటారు. అవి మనుషుల పేర్లని, వారు తమలాగే విద్యార్థులుగా ఉన్నప్పుడు చేసిన పని అదని మన తరగతుల్లో ఎంతమంది చెబుతున్నారో అనుమానమే.

కథలో రెండో సగం కాలిఫోర్నియాలో ఉంది. వాల్ట్ డిస్నీ చొరవతో ఏర్పడిన కాల్‌ఆర్ట్స్ అనే కళాసంస్థలో జాన్ లాసెటర్ చేతితో బొమ్మలు గీసి కదిలించడం నేర్చుకున్నారు. ఆయన కంప్యూటర్ శాస్త్రవేత్త కాదు. క్యాట్మల్, లాసెటర్ ఒకచోట చేరాకే పిక్సార్ పుట్టింది. 1986లో ‘లక్సో జూనియర్’ అనే రెండు నిమిషాల చిత్రంలో ఒక టేబుల్ దీపానికి తల్లిదండ్రుల ఓపిక, ఇంకో చిన్న దీపానికి పిల్లల అల్లరి వచ్చాయి. ఆ దీపాలకు కళ్లు లేవు, నోరు లేదు. మరుసటి ఏడాది లాసెటర్ ఒక సదస్సులో సమర్పించిన పత్రం సారాంశం చాలా చిన్నది. 1930లలో డిస్నీ కళాకారులు పెన్సిలు పట్టుకుని కనిపెట్టిన సూత్రాలే కంప్యూటర్‌కూ వర్తిస్తాయి, యంత్రం కొత్తదైనంత మాత్రాన పాత విద్య చెల్లకుండా పోదు అన్నారాయన. 1995లో ‘టాయ్ స్టోరీ’ వచ్చింది. 2019 సంవత్సరానికి కంప్యూటర్ రంగపు అత్యున్నత పురస్కారమైన ట్యూరింగ్ అవార్డు, గీత రాదనుకుని బొమ్మల నుంచి తప్పుకున్న క్యాట్మల్‌కు, పాట్ హాన్రహాన్‌తో కలిపి దక్కింది.

ఇంతకీ ఆ పాత విద్య ఏమిటి? మంచి యానిమేషన్ బడి ఎక్కడున్నా మొదటి అభ్యాసం దాదాపు ఒకటే. బంతిని ఎగరవేయమంటారు. సెకనుకు 24 ఫ్రేములు. తెరమీద ఒకే గుండ్రని ఆకారం. అది రబ్బరు బంతో, ఇనుప గుండో, నీళ్లు నింపిన బుడగో చూసేవాడికి రంగుతో పనిలేకుండా తెలియాలి. తెలిపేది ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య ఉన్న ఎడం. పైకి పోయిన బంతి శిఖరం దగ్గర నెమ్మదిస్తుంది, అక్కడ బొమ్మలు దగ్గరదగ్గరగా పడాలి. కిందికి దిగేకొద్దీ ఎడం పెరగాలి. జారిపడే వస్తువు వరుసగా సమానమైన వ్యవధుల్లో 1, 3, 5, 7 నిష్పత్తిలో దూరం దాటుతుందని గెలీలియో చెప్పినది తొమ్మిది, పది తరగతుల పిల్లలకూ అర్థమయ్యేదే. నేల తాకినప్పుడు రబ్బరు బంతి అణగాలి, లేచేటప్పుడు సాగాలి, కానీ దాని మొత్తం పరిమాణం మారకూడదు. ఇనుప గుండు అణగకూడదు, రెండుసార్లు ఎగిరి చతికిలబడాలి. ఇదంతా చేయడానికి విద్యార్థికి పట్టేది ఒక మధ్యాహ్నం. బాగా చేయడానికి పట్టేది చాలా నెలలు.

ఇక్కడే సాఫ్ట్‌వేర్ మోసం చేస్తుంది. బంతికి బరువు, నేలకు గట్టిదనం చెప్పి మీట నొక్కితే లెక్క ప్రకారం అదే ఎగిరి చూపిస్తుంది. లెక్క తప్పదు. కానీ ఆ బంతి భయపడుతున్నదా, అల్లరి చేస్తున్నదా అన్నది లెక్కలోకి రాదు. గెంతబోయే ముందు ఎవరైనా కాస్త వంగుతారు. విసరబోయే చెయ్యి ముందు వెనక్కి పోతుంది. ఈ ముందస్తు కదలిక లేకపోతే ప్రేక్షకుడి కన్ను అసలు కదలికను పట్టుకోలేదు. మాట్లాడని ఈగ ఒకటి 2012లో తెలుగు తెరపై పగ తీర్చుకుంది. దాని కోపం, ధైర్యం, వెటకారం మనకు తెలిసినది రెక్కలు, కాళ్లు, ఒంటి వంపు ద్వారానే. ‘ఈగ’కు ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్‌గా జాతీయ పురస్కారం వస్తే అందరూ గ్రాఫిక్స్‌ను మెచ్చుకున్నారు. నా లెక్కలో అది నటనకు వచ్చిన పురస్కారం.

అందుకే యానిమేషన్ విద్యార్థి మొదటి ఏడాది ల్యాబులో కంటే బయట ఎక్కువ కాలం గడపాలి. హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లో, విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో ఒక మూల కూర్చుని మూటలు నెత్తినెత్తుకున్నవారి నడక గీయాలి. పిల్లను చంకనేసుకున్న తల్లి నడుము ఏ పక్కకు ఒరుగుతుందో, మోకాళ్ల నొప్పి ఉన్నాయన మెట్టు దిగేటప్పుడు ముందు ఏ కాలు వేస్తాడో పట్టుకోవాలి. ఇందుకు కావలసింది పెన్సిలు, కాగితం, ఓపిక, పక్కన నిలబడి ‘ఈ కాలి మీద బరువు పడలేదు, మళ్లీ గీయి’ అని చెప్పగల గురువు. మొదటి మూడూ చవకే. నాలుగోదే దొరకడం లేదు.

కంప్యూటర్ యానిమేషన్‌లో ఇంకో కాలు గణితం. దీని గురించి మన దగ్గర చర్చే లేదు. ఇంటర్ మొదటి సంవత్సరంలో మన పిల్లలు మాత్రికలు, సదిశలు, త్రికోణమితి చదువుతారు. ప్రవేశ పరీక్ష కోసం వందలకొద్దీ లెక్కలు వేస్తారు. ఆ మాత్రిక ఒక బొమ్మ భుజాన్ని తిప్పే సాధనమని, సదిశల లబ్ధం తెలిస్తే దాని చెంపపై వెలుతురు ఎంత పడుతుందో చెప్పవచ్చని ఎవరూ చూపించరు. అటువైపు ఫైన్ ఆర్ట్స్‌లో చేరిన విద్యార్థి రోజంతా ఆ భుజాన్ని తిప్పుతూనే ఉంటాడు. మూడు అక్షాల్లో రెండు ఒకదానిమీదికి ఒకటి వచ్చి చెయ్యి మెలిపడిపోతే ఎందుకలా అయిందో తెలియక ఫైలు మూసి మళ్లీ మొదలుపెడతాడు. గింబల్ లాక్ అనే ఈ చిక్కుకు మందు 1843లో హామిల్టన్ కనిపెట్టిన క్వాటర్నియన్లలో ఉంది. కెన్ షూమేక్ 1985లో వాటిని యానిమేషన్‌కు తెచ్చారు. లెక్క వచ్చినవాడికి బొమ్మ రాదు, బొమ్మ వచ్చినవాడికి లెక్క భయం. ఇద్దరినీ పదో తరగతి తర్వాత వేర్వేరు గదుల్లోకి పంపేసింది మనమే.

విడ్డూరమేమిటంటే, మన దగ్గర ఆ రెండు గదులూ ఒకే కప్పు కింద ఉండేవి. హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్ కళాశాల 2008 దాకా జేఎన్‌టీయూలో భాగం. ఆ ఏడాది దాన్ని విడదీసి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం చేశారు. అక్కడ నాలుగేళ్ల బీఎఫ్ఏ యానిమేషన్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో కడపలో ఏర్పడిన డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయమూ యానిమేషన్‌లో డిగ్రీ ఇస్తోంది. రెండుచోట్లా బొమ్మలు, శిల్పం, ఫొటోగ్రఫీ పక్క గదుల్లోనే ఉండటం ఎంతో మేలు. అలాంటి పొరుగు మల్టీమీడియా పేరిట బీఎస్సీ నడిపే సాధారణ డిగ్రీ కళాశాలలకు ఉండదు. విడగొట్టడం తప్పని నేననను, కళలకు సొంత విశ్వవిద్యాలయం అవసరమే. అయితే కూకట్‌పల్లిలో కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను థియరీ పేపరుగా రాసే బీటెక్ విద్యార్థిని, మాసబ్‌ట్యాంకులో బొమ్మను కదిలించే బీఎఫ్ఏ విద్యార్థిని ఒక ప్రాజెక్టు మీద కలిపి కూర్చోబెట్టడానికి చట్టాలేవీ మార్చనక్కరలేదు. ఇద్దరు వైస్ ఛాన్సలర్లు ఒక ఒప్పందం మీద సంతకం పెడితే చాలు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ విశ్వవిద్యాలయం 1989లోనే ఈ రెంటినీ కలిపి జాతీయ కంప్యూటర్ యానిమేషన్ కేంద్రం పెట్టింది. కళవైపు మొగ్గేవారికొకటి, సాంకేతికం వైపు మొగ్గేవారికొకటి డిగ్రీలు వేరు, కప్పు ఒకటే. లండన్ స్టూడియోలు దశాబ్దాలుగా అక్కడి పట్టభద్రులను ఏరుకుంటున్నాయి.

స్టూడియోలు డిగ్రీ అడగవు, షోరీల్ అడుగుతాయి కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. నిమిషంన్నర వీడియో చూసి, అందులోనూ మొదటి పదిహేను సెకన్లు చూసి ఉద్యోగం ఇవ్వాలో లేదో తేల్చేస్తారు. మరి ఆరు నెలల శిక్షణ కేంద్రం చాలదా? సాఫ్ట్‌వేర్ మీటలు నేర్చుకోవడానికి చాలు. విశ్వవిద్యాలయం ఇవ్వగలిగింది వేరు: తప్పులు చేయడానికి నాలుగేళ్ల తీరిక, పక్కన శిల్పం చేసే స్నేహితుడు, గ్రంథాలయం, చివరి సంవత్సరంలో ఎవరి ఆర్డరూ లేకుండా సొంత సినిమా తీసుకునే అవకాశం. విదేశీ ఉద్యోగ వీసాకు డిగ్రీ అక్కరకు రావడం అదనం. ఈ తీరికను కూడా సాఫ్ట్‌వేర్ తరగతులతో నింపేస్తే, శిక్షణ కేంద్రం ఆరు నెలల్లో చెప్పేదాన్ని నాలుగేళ్లు సాగదీసినట్టవుతుంది.

చెప్పేవారి సంగతి ఇంకా క్లిష్టం. ఇరవై ఏళ్లు స్టూడియోలో పాత్రలకు ప్రాణం పోసినవారికి నెట్ అర్హత, పీహెచ్‌డీ ఉండవు. అవి ఉన్నవారిలో చాలామంది ఒక్క షాటైనా పూర్తిచేసి ఉండరు. యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పేరిట దీనికో దారి తెరిచింది. రంగంలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉంటే, పీహెచ్‌డీ లేకపోయినా మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా తీసుకోవచ్చు. టెక్నికలర్ మూతతో ఖాళీ అయిన సీనియర్లు ఎందరో. వారిని పిలిచి పాఠం చెప్పించుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉంటుందా? స్టూడియోలో మంచి జీతం తీసుకున్నవారు గౌరవ వేతనానికి రారు కదా అంటే, కంప్యూటర్ల కొనుగోలుకు పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించాలి. బ్లెండర్ నడవడానికి ఓ మోస్తరు కంప్యూటర్ చాలు. 2002లో ఆ సాఫ్ట్‌వేర్ మూతపడబోతే ప్రపంచవ్యాప్తంగా అభిమానులు లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరికీ ఉచితం చేశారు. ఖరీదైన లైసెన్సులు లేక చదువు సాగడం లేదన్న మాట ఆనాటితోనే చెల్లిపోయింది.

పరిశ్రమ గురించి విద్యార్థికి నిజం చెప్పడం కూడా చదువులో భాగమే. మన దేశానికి వచ్చే విదేశీ పనిలో పెద్ద వాటా రోటో, పెయింట్. నటుడి అంచు వెంబడి, జుట్టు పోగులతో సహా, ఫ్రేముఫ్రేముకూ గీత గీసి నేపథ్యం నుంచి వేరుచేయడం రోటో. తీగలను, స్టాండ్లను చెరిపేయడం పెయింట్. అయిదు సెకన్ల షాటుకు 120 ఫ్రేములు. వేలమందికి ఇది అన్నం పెట్టింది, చిన్నచూపు తగదు. కానీ కృత్రిమ మేధ మొదట మింగేది ఈ పనినే, మింగడం మొదలైంది కూడా. దీనికోసమే పిల్లలను తయారుచేసే కోర్సు వారి చేతికి గడువు తీరబోయే చెక్కు ఇస్తున్నట్టే.

ఎఫెక్ట్స్ వ్యాపారం ఎంత పెళుసో హైదరాబాద్‌కు ముందే తెలియాల్సింది. ‘లైఫ్ ఆఫ్ పై’లో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్‌కు ఇక్కడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. రెండు వారాలు తిరగకముందే అదే సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. పురస్కారం అందుకున్నవారు వేదికపై సంస్థ కష్టాల గురించి మాట్లాడబోతే సంగీతం పెంచి, మైకు ఆపేశారు. పని బాగాలేక కాదు ఆ దివాలా. స్టూడియోలు ముందే ఒక ధరకు ఒప్పుకుంటాయి, దర్శకుడు మార్పులు అడుగుతూ పోతాడు, ఆ అదనపు శ్రమకు డబ్బు రాదు. ఏ దేశం పన్ను రాయితీ ఎక్కువిస్తే పని అటు ఎగిరిపోతుంది. పన్నెండేళ్ల తర్వాత టెక్నికలర్ పతనం వెనక వేరే అప్పులు, 2023 హాలీవుడ్ సమ్మెల దెబ్బ ఉన్నా, అడుగున ఉన్న బలహీనత అదే. బిడ్డింగ్ ఎలా వేస్తారు, ఒప్పందంలో ఏం చూసుకోవాలి, తను సృష్టించిన పాత్రపై హక్కు ఎవరిది అన్న ఒక్క పేపరైనా మన కోర్సుల్లో ఉండాలి.

హక్కు ఎవరిదన్న ప్రశ్నకు హైదరాబాద్‌లోనే జవాబు ఉంది. రాజీవ్ చిలక అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ చదువుకుని వచ్చి 2001లో గ్రీన్ గోల్డ్ పెట్టారు. 2008లో ‘ఛోటా భీమ్’ టీవీకెక్కింది. ఆ బొమ్మల్లో కదలిక గొప్పగా ఉందని నేను చెప్పను. కానీ పాత్ర సొంతం, అందుకే నిలిచింది. 2025 జూలైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ దేశీయ యానిమేషన్ చిత్రాల వసూళ్ల రికార్డులన్నీ చెరిపేసింది, తెలుగునాట థియేటర్లు నిండాయి. కార్టూన్ అంటే చిన్నపిల్లల సరుకన్న నమ్మకం ప్రేక్షకుల్లో సడలింది. ఇక సడలాల్సింది నిర్మాతల్లో. అయితే ఒక హెచ్చరిక: ప్రతి విద్యార్థి చిత్రమూ పురాణమే కానక్కరలేదు. పాలమూరు వలస కూలీ, కోనసీమ తుఫాను, గల్ఫ్ నుంచి వచ్చే ఫోను కోసం చూసే ఇల్లాలు కూడా యానిమేషన్‌కు కథలే.

పాఠం చెప్పగల ఇంకొందరు గురువులు శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఉన్నారు. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. భుజం, మోచేయి, మణికట్టు దగ్గర విడిగా కోసి, ముడి వేసి కట్టిన ఆ బొమ్మ కీలు ఎక్కడ ఉంటే కదలిక సహజంగా ఉంటుందో తరాలుగా తెలిసినవారు వారు. త్రీడీలో రిగ్గింగ్ అంటే అచ్చంగా ఆ కీళ్లు అమర్చడమే. 1926లో జర్మనీలో లోట్టె రైనిగర్ ఇలాంటి నీడబొమ్మలతోనే తీసిన పూర్తినిడివి చిత్రం ప్రపంచ యానిమేషన్ చరిత్రలో నిలిచింది. ప్రపంచమంతా ఆమెను పాఠంగా చదువుతుంది. నిమ్మలకుంట నుంచి కడప ఒక పూట ప్రయాణం.

2016లోనే తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగానికి ‘ఇమేజ్’ విధానం ప్రకటించింది. కేంద్రం 2022 బడ్జెట్‌లో ఈ రంగానికి టాస్క్‌ఫోర్స్ వేసింది, 2025లో ముంబయిలో జాతీయ స్థాయి సంస్థను తెరిచింది. విధానాలకు లోటు లేదు. వాటిలో టవర్లు, పార్కులు, ల్యాబులు ఉన్నంతగా డ్రాయింగ్ మాస్టారు ఉండరు. ప్రభుత్వ పాఠశాలల్లో డ్రాయింగ్ టీచరు పోస్టు భర్తీ చేయడం కూడా యానిమేషన్ విధానమేనని ఎవరూ అనుకోవడం లేదు.

ప్రభుత్వాలు మేల్కొనేలోగా ప్రవేశాలు ఆగవు కాబట్టి, తల్లిదండ్రులకు ఒక మాట. ఫీజు కట్టే ముందు ఆ కళాశాల చివరి సంవత్సరం విద్యార్థులు కిందటేడాది తీసిన చిత్రాలు చూపించమని అడగండి. ఉపాధ్యాయులు చేసిన పనినీ చూపించమనండి. మీ అబ్బాయిని, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆ బొమ్మల నడకలో బరువు ఉందా, వాటి కథ ఆ పిల్లల సొంతమేనా అన్నది గమనించడానికి మీకు సాంకేతిక జ్ఞానం అక్కరలేదు. చూపించడానికి ఒక్క చిత్రమూ లేదంటే, ల్యాబులో ఎన్ని కంప్యూటర్లున్నా ఆ సీటు తీసుకోకండి.